ఆమ్లంలో ఎన్ని గంటలు నిలుస్తుంది?

లద్దాఖ్‌లో నేను కంపెనీ కమాండర్‌గా ఉన్న రోజుల్లో మా పోస్టుకి ఒక కొత్త రకం జనరేటర్ వచ్చింది. మైదాన ప్రాంతంలో జరిగిన పరీక్షల్లో దానికి మంచి మార్కులే పడ్డాయి. మొదటి చలికాలం ఏ పేచీ పెట్టకుండా నడిచింది. రెండో చలికాలం, డిసెంబరులో ఒక రాత్రి ఆగిపోయింది. మంచు తుఫాను వల్ల హెలికాప్టర్ రాలేదు. విడిభాగం చేరడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ రేడియో సెట్ల బ్యాటరీలను జవాన్లు తమ స్లీపింగ్ బ్యాగుల్లో పెట్టుకుని, ఒంటి వేడితో కాపాడుకుంటూ వచ్చారు.

తర్వాత విచారణ జరిగింది. తప్పు ఫలానా వారిదని చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఎంత శక్తి ఇస్తుంది, ఎంత చలిలో స్టార్ట్ అవుతుంది, ఎంత బరువు తూగుతుంది అన్న ప్రశ్నలన్నీ పరీక్ష పత్రంలో ఉన్నాయి. రెండో ఏడు ఎలా ఉంటుందన్న ప్రశ్న మాత్రం లేదు. మా హవల్దారు ఒకరు రూళ్ల నోటుబుక్కులో అది రోజుకి ఎన్ని గంటలు నడిచిందీ, ఎంత డీజిల్ తాగిందీ రాసి పెట్టేవారు. మూడో నెల నుంచే గంటకు తాగే డీజిల్ కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చిందని ఆ పుస్తకంలో స్పష్టంగా ఉంది. దాన్ని మేమెవ్వరం చదవలేదు. నేను కూడా చదవలేదు.

ముప్ఫై ఏళ్ల కిందటి ఆ సంగతి ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఫ్యూయల్ సెల్. తెలుగులో ఇంధన ఘటం అంటున్నాం. హైడ్రోజన్‌ను మండించకుండానే ఆక్సిజన్‌తో కలిపి నేరుగా విద్యుత్తు తీసే సాధనం. ఇది మన సైనిక దళాల్లోకి ఒకేసారి రెండు మూడు దారుల్లో వస్తోంది. 2024 డిసెంబరు 30న రక్షణ శాఖ ముంబయిలోని మజగావ్ డాక్‌తో సుమారు 1,990 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. డీఆర్‌డీవో రూపొందించిన ఏఐపీ వ్యవస్థను, అంటే బయటి గాలి అవసరం లేకుండా జలాంతర్గామిని నీటి అడుగునే నడిపే విద్యుత్ వ్యవస్థను, జలాంతర్గామిలో అమర్చే పని అది. తూర్పు లద్దాఖ్‌లోని చుషుల్‌లో సైన్యం కోసం ఎన్‌టీపీసీ సౌర విద్యుత్తు, హైడ్రోజన్‌లతో నడిచే 200 కిలోవాట్ల మైక్రోగ్రిడ్ చేపట్టింది. 2024 మేలో ఇండియన్ ఆయిల్ సంస్థ సైన్యానికి ఒక హైడ్రోజన్ బస్సు అప్పగించింది. వీటి గురించి వచ్చిన వార్తలన్నిటిలో కిలోవాట్లు, కిలోమీటర్లు, కోట్లు ఉన్నాయి. నాకు కావలసిన అంకె ఒకటే: లోపలున్న ఉత్ప్రేరకం ఎన్ని గంటలు బతుకుతుంది?

నేను పదాతిదళం వాణ్ణి, శాస్త్రవేత్తను కాను. ఖడక్‌వాస్లాలో పొద్దుటి పరేడ్ అయ్యాక కెమిస్ట్రీ క్లాసులో కునికిపాట్లు పడినవాళ్లలో నేనూ ఒకణ్ణి. రిటైరయ్యాక ఈ విషయం మీద పట్టుదల కలిగి చదువుకున్నాను, తెలిసినవాళ్లను అడిగి తెలుసుకున్నాను. విషయం అర్థమయ్యాక తెలిసింది, ఇది కెమిస్ట్రీతో పాటు ఓపికకు కూడా పరీక్ష అని.

ఫ్యూయల్ సెల్ కథ మొదలైనప్పుడే ఆమ్లం, ప్లాటినం రెండూ ఉన్నాయి. 1839లో విలియం గ్రోవ్ అనే వేల్స్ దేశస్థుడు (వృత్తిరీత్యా న్యాయవాది) పలచని గంధకామ్లంలో ప్లాటినం పట్టీలు ముంచి, ఒకవైపు హైడ్రోజన్, మరోవైపు ఆక్సిజన్ పెట్టి కరెంటు తీశాడు. దాదాపు రెండు వందల ఏళ్లు కావస్తున్నా ఆమ్లం రకం మారింది కానీ ప్లాటినం మారలేదు. క్షారంతో నడిచే సెల్స్ కూడా ఉన్నాయి. అపోలో నౌకలు చంద్రుడి దగ్గరకు వెళ్లింది వాటితోనే. క్షారంలో నికెల్, వెండి లాంటి చవక లోహాలు కూడా పనిచేస్తాయి. కానీ మామూలు గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ ఆ క్షారాన్ని పాడుచేస్తుంది. ఆమ్లానికి ఆ బెడద లేదు. అందుకే భూమి మీద గాలితో నడవాల్సిన సెల్స్‌లో ఎక్కువ భాగం ఆమ్లం వైపే మొగ్గాయి. ఒక రకంలో సుమారు 200 డిగ్రీల వేడి మీద ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది. పీఈఎం అనే ఇంకో రకంలో 80 డిగ్రీల దగ్గర పనిచేసే ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొరే ఆమ్లం. బస్సుల్లో, కార్లలో ఉండేది ఈ రెండోది. మన డీఆర్‌డీవో జలాంతర్గామి కోసం ఎంచుకున్నది మొదటిది.

ఆమ్లం ఎంచుకున్నాక దానికో వెల చెల్లించాలి. ఇనుము, నికెల్, కోబాల్ట్ ఏది పెట్టినా వేడి ఆమ్లం కరిగించేస్తుంది. నిలిచేది ప్లాటినం, దాని కుటుంబంలోని కొన్ని లోహాలు. హైడ్రోజన్ వైపు జరిగే చర్య తేలిక. ఆక్సిజన్ వైపు జరిగేదే మొండిది. ఆక్సిజన్ అణువులోని రెండు పరమాణువులను విడదీయాలి, వాటికి ఎలక్ట్రాన్లూ ప్రోటాన్లూ అందించి నీరు చేయాలి. సిద్ధాంతం ప్రకారం ఒక్కో సెల్ 1.23 వోల్టులు ఇవ్వాలి. నిజంగా పనిచేసేటప్పుడు 0.65, 0.7 దగ్గర ఆగుతుంది. ఆ నష్టంలో పెద్ద వాటా ఆక్సిజన్ వైపుదే, అదీ ప్లాటినం ఉండి కూడా.

ప్లాటినం ఖరీదైనది కనుక దాన్ని రేకులుగా కాక, నానోమీటర్ల సైజు రేణువులుగా చేసి నల్లటి కార్బన్ పొడి మీద చల్లుతారు. లెక్క వేసి చూడండి. మూడు నానోమీటర్ల రేణువులుగా చేస్తే ఒక్క గ్రాము ప్లాటినానికి సుమారు 90 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుంది. ఒక రెండు పడక గదుల ఫ్లాటు నేలంత. అదే రేణువులు ఆరు నానోమీటర్లకు లావెక్కితే ఉపరితలం సగమైపోతుంది. ప్లాటినం ఒక్క మిల్లీగ్రాము కూడా పోలేదు, తూకం వేస్తే సరిగ్గానే ఉంటుంది, పని మాత్రం సగం. స్టోర్‌కీపర్ తక్కెడకు దొరకని నష్టం ఇది.

రేణువులు ఎందుకు లావెక్కుతాయి? వేడివేడి చారు మీద తేలే చిన్న నూనె చుక్కలు ఒకదాన్నొకటి తాకి పెద్ద చుక్కలవడం చూసే ఉంటారు. కొంత అలా జరుగుతుంది: రేణువులు కార్బన్ మీద జరిగి జరిగి అతుక్కుంటాయి. ఇంకొంత మరీ తెలివైన దొంగతనం. చిన్న రేణువు అంచుల్లోని ప్లాటినం కొద్దికొద్దిగా ఆమ్లంలో కరిగి, పక్కనున్న పెద్ద రేణువు మీద పేరుకుంటుంది. చిన్నవి చిక్కిపోతాయి, పెద్దవి బలుస్తాయి. పీఈఎం రకంలో కొంత ప్లాటినం కరిగి నేరుగా ఆ ప్లాస్టిక్ పొరలోకి పోయి అక్కడ పనికిరాకుండా స్థిరపడుతుంది. సెల్ వోల్టేజీ 0.9 దాటినప్పుడు ఈ కరగడం ఎక్కువ. అంతకన్నా ముఖ్యం, వోల్టేజీ ఒకే చోట నిలబడి ఉంటే జరిగే నష్టం కన్నా పైకీ కిందికీ ఊగుతుంటే జరిగే నష్టం ఎక్కువ. అంటే ఏకబిగిన నడిచే యంత్రం కన్నా, ఎక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ నడిపే బస్సులో ఉత్ప్రేరకం తొందరగా ముసలిదవుతుంది.

ఇక కార్బన్ సంగతి. ప్లాటినం కూర్చున్న పీట అది. ఆ పీటే కాలిపోతే? రసాయన నియమాల ప్రకారం 0.2 వోల్టులు దాటితే కార్బన్ ఆక్సీకరణం చెంది కార్బన్ డయాక్సైడ్‌గా మారిపోవచ్చు. మామూలుగా అది చాలా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి సెల్ బతుకుతోంది. అసలు ప్రమాదం స్టార్ట్ చేసేటప్పుడూ ఆపేటప్పుడూ వస్తుంది. యంత్రం ఆగి ఉన్నప్పుడు హైడ్రోజన్ వైపుకి కూడా గాలి చేరుతుంది. తిరిగి స్టార్ట్ చేసి హైడ్రోజన్ వదిలితే కొన్ని క్షణాల పాటు ఒకే గదిలో సగం హైడ్రోజన్, సగం గాలి ఉంటాయి. ఆ క్షణాల్లో అవతలి వైపు, అంటే ఆక్సిజన్ వైపు, ఒక భాగంలో వోల్టేజీ 1.5 దాకా ఎగబాకుతుంది. అంత ఎత్తులో కార్బన్ గబగబా కాలిపోతుంది. దాని మీది ప్లాటినం ఊడి పడుతుంది. బయటినుంచి చూసేవాడికి యంత్రం బుద్ధిగా స్టార్ట్ అయినట్టే కనబడుతుంది. లోపల ప్రతి స్టార్టుకీ కొంత ఆయుష్షు పోతోంది. దీన్ని తగ్గించడానికి హైడ్రోజన్ వైపును ముందే నైట్రోజన్‌తో కడగడం, క్షణంలో హైడ్రోజన్ నింపేయడం వంటి జాగ్రత్తలు పాటిస్తారు. అవన్నీ క్రమం తప్పకుండా జరగాలంటే శిక్షణ పొందిన మనిషి కావాలి, లేదా తప్పు చేయనివ్వని కంట్రోల్ వ్యవస్థ కావాలి.

ఇప్పుడు జలాంతర్గామిలోకి వద్దాం. మామూలు డీజిల్-ఎలక్ట్రిక్ జలాంతర్గామి బ్యాటరీల మీద నెమ్మదిగా వెళ్తే రెండు మూడు రోజులు నీటిలో ఉండగలదు. తర్వాత గాలి గొట్టం పైకెత్తి డీజిల్ ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవాలి. శత్రువు విమానాలకు, రాడార్లకు అది దొరికిపోయే సమయం. విశాఖ బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కురుసుర లోపలికి వెళ్లినవాళ్లకు ఆ ఇరుకు, ఆ ఇంజన్ల పరిమాణం తెలుసు. ఏఐపీ ఉంటే రెండు వారాల దాకా ఆ అవసరం రాదు. జర్మనీ 212-ఎ తరగతి జలాంతర్గామి యు-32 పీఈఎం ఫ్యూయల్ సెల్స్ మీద 2013లో ఏకంగా 18 రోజులు నీటిలోనే ప్రయాణించింది. పాకిస్తాన్‌కు ఫ్రెంచ్ అగోస్టా-90బి జలాంతర్గాముల్లో ఏఐపీ ఏనాడో వచ్చింది. అది ఇథనాల్‌ను మండించి ఆవిరితో నడిచే వేరే రకం. ఇప్పుడు చైనా నుంచి తీసుకుంటున్న ఎనిమిది హంగోర్ తరగతి జలాంతర్గాముల్లో మొదటిది 2024 ఏప్రిల్‌లో వూహాన్‌లో జలప్రవేశం చేసింది. మన కల్వరి తరగతి ఆరు జలాంతర్గాములు 2017 డిసెంబరు నుంచి 2025 జనవరి దాకా ఒక్కొక్కటిగా నౌకాదళంలో చేరాయి. ఆరూ ఏఐపీ లేకుండానే చేరాయి.

మన ఏఐపీని రూపొందించింది మహారాష్ట్రలోని అంబర్‌నాథ్‌లో ఉన్న నౌకాదళ పదార్థ పరిశోధనా ప్రయోగశాల. హైడ్రోజన్‌ను సిలిండర్లలో మోసుకెళ్లకుండా సోడియం బోరోహైడ్రైడ్ అనే రసాయనం నుంచి జలాంతర్గామిలోనే తయారు చేసుకోవడం ఇందులోని విశేషం. 2021 మార్చి 8న నేల మీద నిర్మించిన నమూనాను దీర్ఘకాలిక విధానంలోనూ, గరిష్ఠ శక్తి విధానంలోనూ నడిపి చూపించారు. ఎల్ అండ్ టీ, థర్మాక్స్ సంస్థలు భాగస్వాములు. నా దృష్టిలో ఇది చిన్న విజయం కాదు. ఫాస్ఫారిక్ ఆమ్లం ఎంపికలో కూడా మంచి తర్కం ఉంది. పీఈఎంకి అత్యంత శుద్ధమైన హైడ్రోజన్ కావాలి. పది లక్షల్లో పది పాళ్ల కార్బన్ మోనాక్సైడ్ కలిసినా దాని ప్లాటినం మూగబోతుంది. ఫాస్ఫారిక్ రకం నూటికి ఒక పాలు ఉన్నా తట్టుకుంటుంది. పైగా జలాంతర్గామిలో లోడు నిలకడగా ఉంటుంది, బస్సులాగా ఊగదు.

అయితే ఈ ఎంపికకు తనదైన పేచీలున్నాయి. 200 డిగ్రీల వేడి ఆమ్లంలో ప్లాటినం లావెక్కడం వేగం పుంజుకుంటుంది. ఫాస్ఫేట్ అయాన్లు ప్లాటినం మీద అంటుకుని ఆక్సిజన్‌కు చోటివ్వవు. వోల్టేజీ 0.8 దాటకుండా కాపలా కాయాలి, లేకపోతే కార్బన్ కరిగిపోతుంది. జలాంతర్గామిలో గాలి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్ వాడతారు. దాంతో శక్తి పెరుగుతుంది, వోల్టేజీ కూడా పెరుగుతుంది, కాపలా ఇంకా కష్టమవుతుంది. గాఢ ఫాస్ఫారిక్ ఆమ్లం 42 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అంటే జలాంతర్గామి రేవులో ఖాళీగా ఉన్న రోజుల్లో కూడా సెల్స్‌ను వెచ్చగా ఉంచాలి. ఇక సముద్రం ఎక్కడుంటే ఉప్పు అక్కడుంటుంది. ఉప్పులోని క్లోరైడ్ ప్లాటినాన్ని కరిగించడంలో ఆమ్లానికి తోడు నిలుస్తుంది.

ఇంతకీ మన్నిక పెంచే దారులు ఏమున్నాయి? మొదటిది మిశ్రలోహం. ప్లాటినంలో కోబాల్టో నికెలో క్రోమియమో కలిపితే ఆక్సిజన్ చర్య చురుకవుతుంది, అదే పనికి తక్కువ ప్లాటినం సరిపోతుంది. అమెరికాలో ఫాస్ఫారిక్ సెల్స్ కోసం ఈ పని దశాబ్దాల కిందటే చేశారు. టయోటా 2014లో తెచ్చిన మిరాయ్ కారులో ప్లాటినం-కోబాల్ట్ ఉంది. కాని ఆమ్లం కోబాల్ట్‌ను వదలదు. పైపొరలోని కోబాల్ట్ ముందు పోతుంది, లోపలిది మెల్లగా పోతుంది, పోయినది పీఈఎం పొరలోకి చేరి దాని పనికి అడ్డుపడుతుంది. అందుకే ఇప్పుడు పరమాణువులు వరుస తప్పకుండా, పరేడ్‌లో జవాన్లలా బారులు తీరిన మిశ్రలోహాల మీద పని జరుగుతోంది. అలా బిగించి కూర్చోబెడితే కోబాల్ట్ అంత తేలిగ్గా బయటపడదు. రెండో దారి పీటను మార్చడం. కార్బన్‌ను రెండున్నర వేల డిగ్రీల పైచిలుకు వేడిలో కాల్చి గ్రాఫైట్‌గా మారిస్తే తుప్పు బాగా తగ్గుతుంది. అయితే నున్నగా తయారైన ఆ గ్రాఫైట్ మీద ప్లాటినం రేణువులు పట్టు దొరక్క జారుతాయి. కార్బన్ బదులు టైటానియం, తగరం ఆక్సైడ్లు వాడితే కాలిపోయే భయమే లేదు, కానీ విద్యుత్తు ప్రవాహం తగ్గుతుంది. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడుతుంది. ఇలాంటి చోట తెలివి ఎంత అవసరమో, వందలసార్లు చేసి చూడటం అంత అవసరం.

మూడోది అందరికీ ఇష్టమైన దారి, ప్లాటినమే లేని ఉత్ప్రేరకం. ఇనుము, నైట్రోజన్, కార్బన్ కలిపి చేసే పదార్థాలు తొలి గంటల్లో ముచ్చటైన ఫలితాలిస్తాయి. పత్రికల్లో "ప్లాటినానికి ప్రత్యామ్నాయం దొరికింది" అని ఏటా చదువుతూనే ఉంటాం. ఆమ్లంలో తొలి వంద గంటల్లోనే సగం శక్తి కోల్పోవడం వీటికి పరిపాటి. వాటి మీద పరిశోధన జరగాలి. అయితే సైనికుడి ప్రాణం ఆధారపడే చోట ఈ దశాబ్దంలో వాటిని పెట్టాలని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ప్రయోగశాలలో బీకరులో బాగా పనిచేసిన పదార్థం అసలు సెల్‌లో పెట్టేసరికి చతికిలబడటం ఈ రంగంలో ఎంత మామూలో తెలుసుకుని ఆశ్చర్యపోయాను. మన్నిక తెలుసుకోవడానికి వేగవంతమైన పరీక్షలు ఉన్నాయి. వోల్టేజీని 0.6కీ 0.95కీ మధ్య ముప్ఫై వేలసార్లు ఊపుతారు. ఒక్కో ఊపుకు ఆరు సెకన్లు. మొత్తం యాభై గంటలు, అంటే రెండు రోజులు. వేల గంటల ఆయుష్షుకు రెండు రోజుల పరీక్ష! పదార్థాలను వడకట్టడానికి అది మంచి జల్లెడ, ఆ మాట కాదనను. కానీ ఆ రెండు రోజుల్లో ఉప్పుగాలి లేదు, డీజిల్ కాన్వాయ్‌ల పొగలోని గంధకం లేదు, అలల కుదుపు లేదు, మైనస్ ముప్ఫైలో గడ్డకట్టే నీరు లేదు, నిద్ర చాలని ఆపరేటర్ లేడు. మా జనరేటర్ కూడా ఇలాంటి జల్లెడలోంచే నెగ్గుకొచ్చింది.

మరి ఇతరులు ఏం చేశారు? జర్మన్ నౌకాదళం 1988లోనే యు-1 అనే పాత జలాంతర్గామిలో ఫ్యూయల్ సెల్ భాగాన్ని చొప్పించి సముద్రంలో నడిపి చూసింది. ఆ మొదటి సెల్స్ క్షారం రకం. నేర్చుకున్నదాంతో పీఈఎంకి మారి, 212-ఎ తరగతిని సేవలోకి తెచ్చేసరికి 2005 వచ్చింది. పదిహేడేళ్లు. అమెరికా రక్షణ శాఖ 1990లలో 200 కిలోవాట్ల ఫాస్ఫారిక్ ఆమ్ల ఫ్యూయల్ సెల్ ప్లాంట్లు ముప్ఫై కొని, తన స్థావరాల్లో వేర్వేరు వాతావరణాల్లో పెట్టింది. ఆసుపత్రి బాయిలర్ గదుల్లో, బ్యారక్‌ల పక్కన. సైన్యానికి చెందిన ఒక ఇంజనీరింగ్ పరిశోధనా ప్రయోగశాల వాటిని ఏళ్ల తరబడి గమనించి, ఏ ప్లాంటు ఎన్ని గంటలు నడిచింది, ఎందుకు ఆగింది అన్నది నివేదికలుగా ప్రచురించింది. ఆ ప్లాంట్ల సెల్స్‌కు అనుకున్న ఆయుష్షు 40,000 గంటలు. చేరనివి ఎందుకు చేరలేదో కూడా రాసి పెట్టుకున్నారు కాబట్టి తర్వాతి తరం ప్లాంట్లు మెరుగయ్యాయి. నిజానికి వాళ్లు కొన్నది కిలోవాట్లను కాదనిపిస్తుంది నాకు. మా హవల్దారు నోటుబుక్కు లాంటిదాన్ని ముప్ఫై చోట్ల కొన్నారు.

మన దగ్గర పరిజ్ఞానానికి కరవు లేదు. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐకి చెన్నైలో ఒక ప్రత్యేక ఫ్యూయల్ సెల్ కేంద్రం ఉంది. పీఈఎం సెల్స్‌ను, వాటి ప్లాటినం ఉత్ప్రేరకాలను అక్కడ తయారుచేస్తున్నారు. కారైకుడిలోనూ పుణెలోనూ సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలలు ఈ పనిలో ఉన్నాయి. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ58లో ఇస్రో ఒక పీఈఎం ఫ్యూయల్ సెల్‌ను పంపి, కక్ష్యలో 180 వాట్లు తీసి చూపింది. ఎక్కడికక్కడ మంచి పనే. వీటన్నిటికీ ఉమ్మడిగా లేనిది, ఒకే సెల్స్ సమూహాన్ని సైనిక పరిస్థితుల్లో పది వేలు, ఇరవై వేల గంటలు ఆపకుండా నడిపి, ఫలితం మంచిదైనా చెడ్డదైనా అందరి ముందూ పెట్టే చోటు. 2021 నాటి ఏఐపీ ప్రకటననే తీసుకోండి. దీర్ఘకాలిక విధానంలో నడిపామన్నారు. ఎన్ని గంటలన్న అంకె అందులో లేదు. రహస్యం అవసరమైన చోట రహస్యం ఉండాల్సిందే. కానీ నౌకాదళం వారి ఒప్పంద పత్రంలోనైనా ఆ అంకె ఉండి తీరాలి: ఇన్ని వేల గంటల తర్వాత వోల్టేజీ ఇంత శాతానికి మించి తగ్గకూడదు, ఇన్నిసార్లు స్టార్ట్ చేసి ఆపాక కూడా గరిష్ఠ శక్తి ఇంత రావాలి అని. ఏఐపీ భాగాన్ని జలాంతర్గామిలో చొప్పించాలంటే దాని పొట్ట కోసి, కొత్త ముక్క పెట్టి వెల్డింగ్ చేయాలి. ఒకసారి అతికాక లోపలి సెల్స్ మార్చడం కారు బ్యాటరీ మార్చినంత తేలిక కాదు. సెల్స్ ఆయుష్షు జలాంతర్గామి రీఫిట్ తేదీ దాకా రాకపోతే, ఆ జలాంతర్గామి మధ్యలోనే మళ్లీ గాలి గొట్టం పైకెత్తే పాత రకంగా మారిపోతుంది. పైగా బరువు, పొడవు పెరిగిన పాత రకం. లోపలున్న నలభై మంది పైచిలుకు మనుషులకు ఆ సంగతి సముద్రంలో తెలియకూడదు.

చుషుల్ లెక్క ఇంకా కఠినం. అక్కడ 4,400 మీటర్ల ఎత్తు, మైనస్ 30 డిగ్రీల చలి. గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో ఇంచుమించు అరవై శాతమే. ఆక్సిజన్ వైపు చర్య మరింత మందగిస్తుంది. ఎన్‌టీపీసీ ఈ ప్లాంటును 25 ఏళ్లు నిర్వహించాలి. పగలు ఎండ ఉన్నప్పుడు సౌర విద్యుత్తు, రాత్రి ఫ్యూయల్ సెల్ అనుకుందాం. రాత్రికి 12 గంటల చొప్పున ఏడాదికి 4,380 గంటలు, 25 ఏళ్లకు లక్ష పైచిలుకు. రోజుకొక్క స్టార్టు అనుకున్నా తొమ్మిది వేలకు పైగా స్టార్టులు. భారీ ట్రక్కుల కోసం అమెరికా ఇంధన శాఖ 2030కి పెట్టుకున్న లక్ష్యమే 25,000 గంటలు. కాబట్టి చుషుల్‌లో సెల్స్‌ను ఎన్నోసార్లు మార్చాల్సి వస్తుంది. అది తప్పేమీ కాదు, డీజిల్ ఇంజన్లకూ ఓవర్‌హాల్ ఉంటుంది. పోస్టుకు చేరే ప్రతి లీటరు డీజిల్ వెనుక జొజీలా, రోహ్‌తాంగ్ దారుల్లో నడిచే కాన్వాయ్‌లు, ప్రమాదాలు ఉన్నాయి కనుక ఈ ప్రయత్నం చేయాల్సిందే. మార్చాల్సిన సెల్స్ ఏ ఏడు, ఎక్కడినుంచి, ఎంతకు వస్తాయన్నది మొదటి రోజే రాసి ఉండాలి, అంతే. విదేశంలో కొన్న స్టాక్ అయితే, రేపు ఉద్రిక్తత వచ్చినప్పుడు దాని విడిభాగం సరిహద్దు దాటి వస్తుందా అన్నది కూడా.

విడిభాగం అన్నాను కనుక ప్లాటినం మాట. ప్రపంచంలో తవ్వే ప్లాటినంలో సుమారు 70 శాతం దక్షిణాఫ్రికాది. రష్యా, జింబాబ్వే ఆ తర్వాత. మన భూగర్భంలో ప్లాటినం కుటుంబ లోహాలు ఉన్నట్టు గుర్తించినది 15 టన్నుల పైచిలుకు మాత్రమే, ఎక్కువ భాగం ఒడిశాలో, కొంత కర్ణాటకలో. 2023లో కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో ఈ లోహాలూ ఉన్నాయి. దిగుమతి ఆగితే జలాంతర్గాములు ఆగిపోతాయా అని భయపడేవాళ్లున్నారు. నాకా భయం లేదు. ఫాస్ఫారిక్ సెల్స్‌లో మామూలుగా వాడే మోతాదును బట్టి నేను వేసిన లెక్క ప్రకారం 250 కిలోవాట్ల ఏఐపీకి కిలోకి కాస్త అటూఇటూగా ప్లాటినం సరిపోతుంది. ఒక నగల దుకాణంలో దొరికే సరుకు. ఆరు జలాంతర్గాములకు సరిపడా నిల్వ పెట్టుకోవడం ఈ దేశానికి భారం కాదు. డబ్బిచ్చినా దొరకనిది, ఆ కిలోను ఆమ్లంలో వేల గంటలు చెదరకుండా నిలబెట్టే తయారీ విధానం. ప్రాజెక్ట్ 75-ఐ కింద కట్టదలచిన ఆరు జలాంతర్గాముల కోసం మజగావ్ డాక్ జర్మన్ కంపెనీతో కలిసి బిడ్ వేసింది. అక్కడి సెల్స్ వస్తే చాలా సంతోషం. కానీ సాంకేతికత బదిలీ అన్న మాటలో ఉత్ప్రేరకం సిరా ఎలా కలపాలి, కార్బన్‌ను ఎంతసేపు కాల్చాలి అన్నవి ఉంటాయని నేను అనుకోను. ఉక్కు డ్రాయింగులు ఇస్తారు, వంటకం ఇవ్వరు.

సమస్య ముదిరేది బస్సులూ ట్రక్కులూ మైక్రోగ్రిడ్‌లూ వేల సంఖ్యలోకి వెళ్లినప్పుడు. 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హైడ్రోజన్ లక్ష్యంగా పెట్టుకుంది. అందుకు వాడే పీఈఎం ఎలక్ట్రోలైజర్లలో ప్లాటినం కన్నా అరుదైన ఇరిడియం కావాలి. అది ప్రపంచమంతటా కలిపి ఏటా ఏడెనిమిది టన్నులే దొరుకుతుంది. ఆ స్థాయిలో మన్నిక అంటే నేరుగా దిగుమతి బిల్లే. సెల్ రెట్టింపు కాలం బతికితే కొనాల్సిన లోహం సగమవుతుంది.

నా సూచన పెద్దదేమీ కాదు. సికింద్రాబాద్‌లో సైన్యపు ఈఎంఈ కళాశాల ఉంది, అక్కడికి కొద్ది దూరంలో బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది. ఒకరికి యంత్రాలను మొరటుగా వాడటం తెలుసు, ఇంకొకరికి పాడైన రేణువును మైక్రోస్కోపు కింద చదవడం తెలుసు. వాళ్లిద్దరినీ ఒక షెడ్డులో కలిపి, ఇరవై ముప్ఫై చిన్న స్టాక్‌లను, దేశీయమైనవీ విదేశీవీ, ఐదేళ్లు ఆపకుండా నడపనివ్వండి. కొన్నింటికి ఉప్పుగాలి, కొన్నింటికి డీజిల్ పొగ, కొన్నింటికి శీతల గది. అయిదారు స్టాక్‌లు లేహ్‌లో, మరో అయిదారు విశాఖ రేవులో. ఖర్చు ఒక జలాంతర్గామి ఒప్పందంలో పైసల కిందకు వస్తుంది. సీనియర్ అధికారుల పోస్టింగులు రెండు మూడేళ్లకే మారిపోతాయి కనుక, ఈ షెడ్డు అధిపతిని మాత్రం ఐదేళ్లు కదపకూడదు. ఇది రాయడం తేలిక, మిలిటరీ సెక్రటరీ బ్రాంచిని ఒప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇంకొకటి, స్టోర్స్ వాళ్లకు. మన పద్ధతిలో ఆయుష్షు తీరిన పరికరాన్ని కండెమ్ చేసి, తుక్కు కింద లాటు కట్టి వేలం వేస్తాం. చుషుల్ నుంచి దిగివచ్చే మొదటి చచ్చిన స్టాక్‌ను దయచేసి ఆ లాటులో వేయకండి. అందులోని ప్లాటినం దాదాపు అంతా ఇంకా అక్కడే ఉంటుంది, కరిగించి తిరిగి తీసుకోవచ్చు. దానికి ముందు ఒక్కో పొరనూ విప్పి, ఏ మూల రేణువులు లావెక్కాయో, ఏ మూల కార్బన్ కాలిందో, పొరలోకి ఎంత కోబాల్ట్ పాకిందో చూడాలి. ఆ స్టాక్ వెంట దాని లాగ్‌బుక్కు కూడా కిందికి రావాలి, ఎన్ని గంటలు, ఎన్ని స్టార్టులు, ఏ రాత్రి ఎంత చలి అన్న వివరాలతో. రెండూ ఒకే పెట్టెలో.